మూడు తెల్ల కాగితాలు

ఆ సోమవారం పొద్దున అతను వేసుకెళ్ళిన చొక్కా ఇస్త్రీ చేసింది అక్కే. ఈ ముక్క ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగినదంతా ఒక ఎత్తు, ఈ ఇస్త్రీ ఒక్కటీ ఒక ఎత్తు. కాలరు అటు తిప్పి ఇటు తిప్పి, గుండీల సందుల్లోకి కూడా ఇస్త్రీపెట్టె మొన దూర్చి, "కాలేజీకి వెళ్ళేవాడివి, ముడతల చొక్కాతో వెళ్తే ఏం బాగుంటుందిరా" అంటూ చేతికిచ్చింది. అంత నిబ్బరంగా ఎలా ఇవ్వగలిగిందో ఆ మహాతల్లికే తెలియాలి.

అతణ్ణి పటాలంలో అందరూ బోల్టు అనేవారు. పదేళ్ళపాటు వంతెనలు కట్టే దళంలో పనిచేశాడు. వరదకి రోడ్డు కొట్టుకుపోయినచోటికి ఇనుప చట్రాలు లారీల్లో మోసుకెళ్ళి, ఒకదానికొకటి బిగించి, పొద్దుగూకేలోగా బళ్ళు దాటేలా చేయడం వాళ్ళ పని. ఏ బోల్టు ఏ కన్నంలోకి వెళ్తుందో కళ్ళకి గంతలు కట్టినా చెప్పగలడు. కానీ కట్టిన వంతెన ఎందుకు నిలబడుతుందో మాత్రం తెలియదు. అది అతన్ని లోపల్లోపల తొలిచేసేది. కెప్టెన్‌ని అడిగితే, "నిలబడిందా లేదా? నిలబడింది కదా! ఇక నోరు మూసుకుని బిగించు" అని కసిరేవాడు. నోరు మూసుకుని పదేళ్ళు బిగించాక, ఇక చాలు అనుకుని ఉద్యోగం వదిలేశాడు. ఇంజినీరింగు కాలేజీలో చేరి ఆ ఒక్క సంగతీ నాలుగేళ్ళు కూర్చుని నేర్చుకోవాలని అతని కోరిక. ఇంటికొచ్చి పన్నెండు రోజులైంది.

ఖర్చు ప్రభుత్వానిది. సైన్యంలో ఏడేళ్ళు నిండినవాడికి నాలుగేళ్ళ కాలేజీ చదువు హక్కుగా వస్తుంది. పటాలంలో దాన్ని 'నా నాలుగేళ్ళు' అనేవారు. ఎవడికి వాడు జేబులో పెట్టుకు తిరుగుతున్నట్టు మాట్లాడేవాళ్ళు. అది ఒక్కసారే ఇస్తారు. తను చదువుకోవచ్చు, లేదంటే సొంతవాళ్ళలో ఒకరికి రాసివ్వచ్చు. తను చదవాలంటే మాత్రం ముప్పై నిండకముందే చేరాలి. బోల్టుకి వచ్చే నెలలో ముప్పై నిండుతాయి. శుక్రవారం దరఖాస్తులకి ఆఖరు. అంటే ఈ వారం తప్పితే ఇక జన్మలో లేదన్నమాట.

కాలేజీ ఆఫీసులో సైనికులకి విడిగా ఒక కౌంటరు ఉంది. అక్కడ కూర్చునే పెద్దాయన కూడా పటాలంలో చేసి రిటైరైనవాడే. కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. బోల్టు తన సర్టిఫికెట్ల జిరాక్సు కాపీలు ఇచ్చాడు, సర్వీసు నంబరు చెప్పాడు. పెద్దాయన కంప్యూటర్లో కొట్టి, కళ్ళజోడు పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"నీ నాలుగేళ్ళు నడుస్తున్నాయి కదయ్యా!"

"ఇంకా చేరందే ఎలా నడుస్తాయి సార్?"

"మూడు అయిపోయాయి, నాలుగోది నడుస్తోంది. మీ అక్కగారికి రాసిచ్చావు కదా. ఇదే కాలేజీ, సివిలు. బాగా చదువుతుందయ్యా ఆవిడ, క్లాసులో మూడో ర్యాంకు," అని శుభవార్త చెప్పినట్టు నవ్వాడు.

బోల్టు కూడా నవ్వబోయాడు. ఎవరో ఇంకొకరి అక్క అయ్యుంటుంది, నంబరు తప్పు కొట్టారనుకున్నాడు. పెద్దాయన ఫైలు తెచ్చి ముందు పెట్టాడు. టైపు చేసిన కాగితం. 'నా చదువు హక్కును నా సొంత అక్కకు నా ఇష్టపూర్వకంగా రాసి ఇస్తున్నాను.' కింద అతని సంతకం, పక్కన వేలిముద్ర, దాని కింద చెరిపినా పోని పెన్సిల్ ఇంటూ మార్కు. ఆ మార్కు చూడగానే కాగితం తనదేనని తెలిసిపోయింది.

ఆ మార్కు కథ చెప్పాలి. పటాలంలో ఎవడూ కాగితం చదివి సంతకం పెట్టడు. ఆఫీసు రైటరు పెన్సిల్‌తో ఇంటూ పెడతాడు, జవాను దాని పైన సంతకం పెడతాడు, వెనకాల రెండు వందలమంది క్యూలో ఉంటారు. చదువుతూ నిలబడితే "ఏరా, పెళ్ళి శుభలేఖా?" అని తోసేస్తారు. సరిహద్దు నది దగ్గరకి పంపేముందు మాత్రం ఇంకో అలవాటుంది. రూల్సు పుస్తకంలో లేదు గానీ అందరూ చేస్తారు. ఒక్కొక్కడూ మూడు తెల్ల కాగితాల మీద, అడుగున, ఇంటూ ఉన్నచోట సంతకం పెట్టి వేలిముద్ర వేసి ఇంట్లోవాళ్ళకి ఇచ్చి వెళ్తాడు. రేపు మనిషి తిరిగి రాకపోతే, ఇంట్లోవాళ్ళు ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరక్కుండా, ఏది కావాలంటే అది పైన రాసుకుంటారని. పెళ్ళయినవాళ్ళు పెళ్ళానికి ఇచ్చారు. బోల్టుకి అమ్మా నాన్నా లేరు. మూడేళ్ళ కిందట అక్క చేతిలో పెట్టి, "నేను పోతేనే తియ్యాలి సుమా" అని నవ్వాడు. అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుని, నోటిమీద ఒక్కటి వేసింది కూడా. కాగితం కింద తేదీ చూశాడు. అతను రైలెక్కిన పంతొమ్మిదో రోజు.

పెద్దాయన నవ్వు ఆగిపోయింది. "ఇది నువ్వు రాసింది కాదా?"

బోల్టు ఆ తేదీ మీంచి చూపు తిప్పలేదు.

"చూడు బాబూ," పెద్దాయన గొంతు తగ్గించాడు. "నేను రాయలేదు అని నువ్వు ఫిర్యాదు రాసిస్తే, నీ నాలుగేళ్ళు నీకు పూర్తిగా తిరిగొస్తాయి, ఇప్పుడే చేర్చుకుంటాను. కానీ ఆవిణ్ణి కాలేజీలోంచి తీసేస్తారు, చదివిన మూడేళ్ళూ చెల్లవు, పైగా దొంగ కాగితం కేసు. ఫిర్యాదు లేదంటావా, ఈ కాగితం నిజమైనట్టే, నీకు ఇక ఏమీ ఉండదు. అనుమానం వచ్చాక నేను ఊరుకోకూడదు, ఆవిడని కూడా అడగాలి. శుక్రవారం సాయంత్రం అయిదులోపు ఏ సంగతీ చెప్పు."

"ఇప్పుడు ఎక్కడుంటుంది?" అన్నాడు బోల్టు. తన అక్క ఎక్కడుంటుందో వేరేవాళ్ళని అడగాల్సి వచ్చింది, అదీ అతని గతి.

అక్క పదిహేనేళ్ళుగా ఈ కాలేజీ గేటు ఎదుట జిరాక్సు షాపులో పనిచేస్తోంది. పొద్దున పోయి సాయంత్రం వస్తుంది. అంతే అతనికి తెలిసింది. కాంక్రీటు ల్యాబు కిటికీలోంచి చూస్తే, మోకాళ్ళదాకా తెల్ల కోటు వేసుకుని, సిమెంటు దిమ్మని మెషీన్లో పెట్టి, చక్రం తిప్పుతోంది. చుట్టూ ఇరవై ఏళ్ళ పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. దిమ్మ టప్పుమని పగిలింది. "ఎంత బరువు దగ్గర పగిలిందక్కా?" "రాసుకోనా అక్కా?" అంటూ ఆమె మీద పడ్డారు. క్లాసు క్లాసంతా ఆమెని అక్కా అక్కా అంటోంది. ముప్పై ఏడేళ్ళ మనిషి, జడ కోటు లోపలికి దోపుకుని, ఎంత హాయిగా నవ్వుతోందో! ఆ నవ్వు ఇంట్లో అతను ఏనాడూ చూడలేదు.

తలెత్తి అతన్ని చూసింది. కోటు విప్పి, మడిచి, బల్లమీద పెట్టి బయటికొచ్చింది. ల్యాబు వెనక మెట్లమీద కూర్చున్నారు.

"ఎప్పుడు చెబుదామనుకున్నావు?" అన్నాడు.

"రోజూ అనుకున్నానురా."

"ఈ చొక్కా ఇస్త్రీ చేసేటప్పుడు కూడానా?"

ఆమె ఆ చొక్కా కాలరు వైపు చూసి తల దించుకుంది.

"ఏదో నంబరు తప్పనీ, సర్వరు పనిచెయ్యట్లేదనీ, నన్ను తిప్పి పంపిస్తారనుకున్నావు. వచ్చే నెలకి వయసు దాటిపోతుంది, పీడా పోతుందనుకున్నావు. అంతేనా?"

"అంతే," అంది అక్క. అబద్ధమాడినా బాగుండేది.

ఇక ఉత్తరాల సంగతి. నది దగ్గర ఫోన్లు లేవు, ఉత్తరాలే దిక్కు. బోల్టు తన బుర్రని తొలిచే ప్రశ్నలన్నీ అక్కకి రాసేవాడు. మా చట్రాల్లో అన్నీ మూడు మూలలే ఎందుకుంటాయి? మధ్యలో లారీ నిలబడితే వంతెన కిందకి దిగి మళ్ళీ లేస్తుందే, ఇనుము సాగుతుందా? రెండు వారాలకి జవాబు వచ్చేది. 'నాలుగు కర్రలకి మూలల్లో ఒక్కొక్క మేకు కొట్టి పక్కకి నొక్కి చూడు, వాలిపోతుంది. మూడు కర్రలకి కొట్టి నొక్కు, చచ్చినా వాలదు. అందుకే మీ చట్రాలన్నీ మూడు మూలలే. ఇది మా షాపుకి వచ్చే ఒక సారు చెప్పారు.' ఆ ఉత్తరం బ్యారక్‌లో అందరికీ చదివి వినిపించాడు, కర్రలు తెచ్చి మేకులు కొట్టి చూపించాడు. కెప్టెన్ కూడా వచ్చి నొక్కి చూసి "అరె!" అన్నాడు. ఆ రోజే బోల్టు నిశ్చయించుకున్నాడు, వదిలేసి వెళ్ళి చదవాలని. ఆ సారుకి ఇద్దామని, వచ్చేటప్పుడు మంచి ఇంకుపెన్ను కూడా కొనుక్కొచ్చాడు. "అయ్యో, ఆయన బదిలీ అయి వెళ్ళిపోయార్రా" అంది అక్క.

"సారు," అన్నాడు బోల్టు ఇప్పుడు. "షాపుకి వచ్చే సారు."

"ఆ సారు నేనేరా."

"ప్రతి ఉత్తరం కిందా రాశావు కదక్కా, నువ్వు వచ్చాక చదువుకోవాలిరా, నువ్వు చదువుకోవాలిరా అని. అక్కడ బురదలో పడుకుని అది చదువుకునేవాణ్ణి నేను."

"రాయకపోతే నీకు అనుమానం వచ్చేది."

ఇంకో అయిదేళ్ళు చెయ్యరా, తొందరపడి వదిలెయ్యకు అని ఆఖరి ఏడాది ఎందుకు రాసిందో కూడా అప్పుడు అర్థమైంది. పెన్షను పెరుగుతుందని, తన మంచికే చెబుతోందని మురిసిపోయాడు పిచ్చివాడు.

"ఒక్కమాట అడగలేకపోయావా? అడిగితే ఇచ్చేవాణ్ణి కదా!"

"అదేరా! అడిగితే ఇచ్చేవాడివి." అక్క గొంతు మొదటిసారి లేచింది. "ఇచ్చాక, బతికినన్నాళ్ళూ నువ్వు ఇచ్చినవాడివి, నేను పుచ్చుకున్నదాన్ని. పన్నెండో తరగతిలో నాకెంతొచ్చిందో నీకు తెలుసా? ఈ కాలేజీలోనే సీటొచ్చింది నాకు. చేరడానికి ఆఖరిరోజున నీకు టైఫాయిడు. అమ్మ పోయి అప్పటికి మూడు నెలలు. నీ పక్కన కూర్చున్నాను. తర్వాత ఈ గేటు ముందే కూర్చుని ఇంకొకళ్ళ నోట్సులు జిరాక్సులు తీశాను. అవి చదువుతూ తీశాను. పన్నెండేళ్ళు! ఒకళ్ళని అడగాలా నేను? నాది నేను తీసుకున్నాననుకున్నాను."

"అది నీది కాదక్కా. నాది."

ఆమె చేతిమీద సిమెంటు ఎండి తెల్లగా ఉంది. గోరుతో గీకుతూ ఉండిపోయింది. ఇంకేమైనా అంటుందేమోనని చూశాడు. తప్పయిపోయిందిరా అనే ఒక్క ముక్క కోసం చూశాడు. బెల్లు మోగింది. "క్లాసుంది" అని లేచి వెళ్ళింది.

మంగళవారం, బుధవారం ఇంట్లో మాటల్లేవు. రెండు గదుల ఇల్లు, ఎటు తిరిగినా ఎదురుపడాల్సిందే. అక్క వండి, కంచంలో పెట్టి మూతపెట్టి వెళ్ళేది. అతను ఆమె వెళ్ళాక తినేవాడు. తినకుండా అలిగి కూర్చోవాలనే ఉంది గానీ ఆకలి ఆగదు కదా. షెల్ఫులో అతని కొత్త నోటుపుస్తకం ఉంది, ఆదివారం కొన్నది, రెండు వందల పేజీలది. దానికి అట్ట వేసిందీ అక్కే. అది చూసినప్పుడల్లా ఒళ్ళు మండేది.

గురువారం పొద్దున ఫిర్యాదు రాయడానికి కూర్చున్నాడు. 'నేను రాయలేదు' అని రాయడానికి ఎంతసేపు పడుతుంది? మూడు సార్లు రాశాడు. ఒకదాంట్లో తిట్లు ఎక్కువయ్యాయి, ఒకదాంట్లో ఏడుపు ఎక్కువైంది. మూడోది బాగానే వచ్చింది. పొట్టిగా, పద్ధతిగా, పటాలం రిపోర్టులా ఉంది. మడిచి జేబులో పెట్టుకుని నీళ్ళకోసం వంటగదిలోకి వెళ్తే, అక్క పొయ్యి ముందు నిలబడి ఉంది. ఉప్పు డబ్బాకి ఆనించి పుస్తకం నిలబెట్టి, ఒకచేత్తో గరిటె తిప్పుతూ, పెదాలతో చదువుకుంటోంది. అతను వచ్చిన సంగతే చూసుకోలేదు.

తనకి పదేళ్ళప్పుడు వచ్చిన ఆ టైఫాయిడు జ్వరం గుర్తొచ్చింది. తడిగుడ్డ నుదుటిమీద, పక్కన అక్క. కథలేవీ రాక, ఆమె తన పన్నెండో తరగతి భౌతికశాస్త్రం పుస్తకం తీసి చదివి వినిపించేది. ఏమీ అర్థమయ్యేది కాదు. కానీ ఆ గొంతు వింటే నిద్రపట్టేది. ఆ రోజుల్లోనే ఆమె సీటుకి ఆఖరిరోజు వచ్చి పోయిందని అతనికి అప్పుడెవరు చెప్పారు?

జేబులో కాగితం తీసి, పెరట్లోకి వెళ్ళి, నాలుగు ముక్కలుగా చింపాడు. కోపం పోలేదు. పోలేదని చెప్పాలి, లేకపోతే అతన్ని దేవుణ్ణి చేసినట్టవుతుంది. కానీ ఆ పొయ్యి ముందు నిలబడి చదువుకునే మనిషిని మళ్ళీ గేటు బయటికి తోసెయ్యడం తనవల్ల కాదని తేలిపోయింది. రేపు వెళ్ళి 'నేనే రాసిచ్చాను సార్' అని చెబుదామనుకున్నాడు. ఆమెకి మాత్రం ముందు చెప్పకూడదు. చెప్పొచ్చాక, గుమ్మంలోనే నిలబడి, "నేనే ఇచ్చానని చెప్పొచ్చానక్కా, చదువుకో పో" అనాలి. అప్పుడు ఆమె మొహం ఎలా ఉంటుందో కూడా ఊహించుకున్నాడు. మనిషి కదా, ఆపాటి ఆశ ఉంటుంది.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి కౌంటరు దగ్గరకి వెళ్ళాడు. ఆఖరిరోజు కాబట్టి వెనక పెద్ద క్యూ. బోల్టు నోరు తెరవబోతుంటే పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు.

"నిన్న మీ అక్కగారు వచ్చి ఇది ఇచ్చి వెళ్ళింది. ముందు ఇది చూడు."

ఇంకో కాగితం. కింద అతని సంతకం, వేలిముద్ర, పెన్సిల్ ఇంటూ. పైన టైపు. తేదీ మూడేళ్ళ కిందటిది. బోల్టు జీవితంలో మొదటిసారి తన సంతకం పైనున్నది మొదటినుంచీ చివరిదాకా చదివాడు.

'నా చదువు హక్కును నా అక్కకు రాసి ఇచ్చిన సంగతి నాకు పూర్తిగా తెలుసు. ముందుముందు నేను దీన్ని కాదన్నా, ఆ మాట చెల్లదు. నాకు చదువు మీద మొదటినుంచీ ఆసక్తి లేదు. పై చదువులకు తగిన తెలివి కూడా నాకు లేదని నాకు తెలుసు.'

ఆఖరి రెండు వాక్యాలు మళ్ళీ చదివాడు. హక్కు తీసుకుంది, పోనీ. అబద్ధాలు రాసింది, పోనీ. ఈ ముక్క ఎందుకు? నాలుగు కర్రలూ మూడు కర్రలూ చెప్పి ఆశపెట్టిన మనిషి, ఏ ప్రశ్న అడిగినా విసుక్కోకుండా రెండేసి పేజీలు రాసిన మనిషి, అతని సంతకం మీద కూర్చుని, వీడికి తెలివి లేదని ఎలా టైపు చేసింది? నిన్న పొద్దున ఉప్పు డబ్బాకి పుస్తకం ఆనించి నిలబడ్డప్పటికే ఇది తయారై ఉందా? అతను పెరట్లో కాగితం చింపుతున్నప్పుడు ఆమె ఇది సంచిలో పెట్టుకుంటోందా?

పెద్దాయన సోమవారం అతనిచ్చిన సర్టిఫికెట్ల కాపీలు తీసి పక్కన పెట్టాడు. కాపీలకి ఎడమ అంచున పైనుంచి కిందకి సన్నటి నల్లగీత ఉంది. పోయిన శనివారం అక్క పనిచేసే షాపులో కాపీలు తీస్తున్నప్పుడు ఓనరు విసుక్కున్నాడు, మెషీను లోపల నిన్నే గీత పడింది, కాపీ తీసినా టైపు ప్రింటు తీసినా అన్నిటిమీదా వస్తోందని. అదే గీత మూడేళ్ళ కిందటి తేదీ వేసిన ఈ కాగితం మీదా ఉంది. పెద్దాయన గీతమీద వేలు పెట్టి, అతని మొహంలోకి చూశాడు.

"నేనూ సరిహద్దుకి వెళ్ళేముందు మూడు ఇచ్చినవాణ్ణేనయ్యా," అన్నాడు మెల్లగా. "తిరిగొచ్చిన రోజున మా ఆవిడ గుమ్మంలోనే మూడూ నా చేతిలో పెట్టి, చింపేదాకా లోపలికి రానివ్వలేదు. నువ్వు ఒక్కమాట అను, చాలు. మిగతాది నేను చూసుకుంటాను."

"సంతకం నాదే సార్."

"అది కాదు నేనడిగేది. ఈ మాటలు నీవేనా?"

ఈ మాటే చెప్పడానికి వచ్చాడు అతను. నిన్నటినుంచీ నోట్లో పెట్టుకుని, దారంతా మోసుకొచ్చాడు. తన నోటితో, తన ఇష్టంతో చెబుదామనుకున్నాడు. అక్క అతన్ని ఆ మాత్రం కూడా నమ్మలేదు. ఇప్పుడు ఆమెని కాపాడాలంటే, తనకి చదువు అక్కర్లేదని, బుర్ర లేదని ఒప్పుకోవాలి. వెనక క్యూలో ఎవరో దగ్గారు.

"నావే," అన్నాడు.

"చదువు మీద ఆసక్తి లేదా నీకు?"

"లేదు సార్."

పెద్దాయన రిజిస్టరు తిప్పి ముందుకి తోశాడు. అలవాటు ఎక్కడికి పోతుంది, పెన్సిల్ తీసి ఇంటూ పెట్టాడు. బోల్టు వెంటనే సంతకం పెట్టలేదు. ఆ పేజీ మీదున్న ప్రతి అక్షరం చదివాడు, అడుగున సన్నటి అక్షరాలతో అచ్చు వేసినవి కూడా వదల్లేదు. "ఏంటి బాబూ, పరీక్ష రాస్తున్నావా?" అన్నాడు వెనకనుంచి ఒకడు, నలుగురు నవ్వారు. చదవడం అయ్యాక సంతకం పెట్టాడు.

ఇంటికెళ్ళేసరికి అక్క వచ్చేసి ఉంది. గుమ్మంలో అతన్ని చూసి లేచి నిలబడింది. అతను ఊహించుకున్న మొహం అది కాదు. చేతులు పమిటకి తుడుచుకుంటూ, "ఏమన్నారు?" అంది.

"నువ్వు చదువుకోవచ్చన్నారు."

అక్క గట్టిగా ఊపిరి వదిలింది. కళ్ళనీళ్ళు వచ్చాయి. "తమ్ముడూ," అంటూ దగ్గరికి రాబోయింది. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మూడోది ఇచ్చెయ్యక్కా."

"మూడోదేంటి?"

"తెల్ల కాగితం."

అక్క అతని కళ్ళలోకి సూటిగా చూసింది. ఒక్క రెప్ప కూడా ఆడలేదు. "రెండే కదరా ఇచ్చావు," అంది.

అతనికి బాగా గుర్తు. రైటరు బల్లమీద ఒకదానికింద ఒకటి, మూడు ఇంటూలు. మూడోదానికి వేలిముద్ర కాస్త అలుక్కుంది, రైటరు తిట్టాడు. అయినా ఏమీ అనలేదు. "అవునా, అలాగైతే రెండే అయ్యుంటాయి" అని తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

షెల్ఫులోంచి కొత్త నోటుపుస్తకం తీశాడు. సారు కోసం కొన్న ఇంకుపెన్ను పెట్టెలోంచి తీశాడు. మొదటి పేజీ తెరిచి, కాసేపు ఆలోచించి, ఒక సంతకం పెట్టాడు. పదేళ్ళుగా పెడుతున్నది కాదు, కొత్తది. బాగా రాలేదు, కొట్టేశాడు. ఇంకోరకంగా పెట్టాడు. సోమవారం బ్యాంకుకీ పెన్షను ఆఫీసుకీ వెళ్ళి, పాత సంతకం ఇక చెల్లదని రాసివ్వాలి. ఈలోగా చెయ్యి తిరగాలి కదా. పక్కగదిలో అక్క పుస్తకం తీసి పైకి చదువుకోవడం మొదలుపెట్టింది. ఆ గొంతు వింటూనే ఒకదానికింద ఒకటి పెట్టుకుంటూ పోయాడు. ఆ సాయంత్రానికి ఆ పుస్తకంలో పదకొండు పేజీలు నిండాయి.